మా బావ ఏసీకి పట్టిన రోగం

దివిసీమలో నేను బాగుచెయ్యలేని మెషిను ఇంకా పుట్టలేదు. డబ్బా కొట్టుకుంటున్నాననుకోకండి, నలుగురూ అనే మాటే. ఆ నలుగురిలో నేనూ ఒకణ్ణి. డీజిలింజనుకి చెవి ఆనించానంటే దాని కడుపులో ఏ నొప్పి ఉందో అదే చెప్పేసుకుంటుంది. ఒకసారి నాగాయలంక రేవు దగ్గర, ఏరు దాటించే పంటు ఇంజను నీళ్ళ మధ్యలో ఆగిపోయింది. పంటు మీద జనం, ఎడ్లు, ఒక పెళ్ళివారి వంటపాత్రలు. నేను ఒడ్డునే నిలబడి ఆ ఇంజనుని ఒక్క తిట్టు తిట్టాను. అది రెండుసార్లు దగ్గి, సిగ్గుపడి, స్టార్టయి వచ్చేసింది.

అలాంటి నన్ను ఊరందరి ముందూ కోతిని చేసి ఆడించిన మెషిను ఒకటుంది. అది మా బావగారింట్లో ఏసీ.

మా బావ పేరు శోభనాద్రి. మా పెద్దక్క రావమ్మ మొగుడు. అవనిగడ్డ నుంచి కోడూరు పోయే దారిలో వాళ్ళ ఊరు, వాళ్ళ వీధి చివర మా ఇల్లు. రెండువేల మూడో సంవత్సరం ఎండలు మీకు గుర్తుండే ఉంటాయి. కాకులు కూడా కుండీల్లో మెడలదాకా మునిగి కూర్చునేవి. ఆ ఎండలో మా బావ మిట్టమధ్యాహ్నం గొడుగు లేకుండా రొయ్యల చెరువు గట్టు మీదికి వెళ్ళాడు. ఎందుకంటే కొడుకు మీద అరవడానికి. అరుస్తూ అరుస్తూనే పడిపోయాడు.

అవనిగడ్డ డాక్టరుగారు సెలైను పెట్టి లేపారు. లేపి, నన్నూ మా మేనల్లుడు యుగంధర్‌నీ పక్కకి పిలిచి, "పెద్దాయన గుండె కూడా అంత బాగా లేదండీ. ఇంకోసారి వడదెబ్బ తగిలితే నేను చెప్పలేను. ఎండలు తగ్గేదాకా చల్లని గదిలో ఉంచండి. ఇంట్లో కుదరకపోతే బందరులో నర్సింగుహోంలో పెట్టండి" అన్నారు.

మా బావకి చెవులు పాము చెవులు. మంచం మీంచే, "బందరుకి నేను రాను. మా అన్న బందరుకి బస్సులో కిటికీ పక్క సీటులో కూర్చుని వెళ్ళాడు. వచ్చేటప్పుడు వ్యానులో పడుకుని వచ్చాడు. ఇంటిదగ్గరైతే చావుకి కూడా నా అడ్రసు వెతుక్కునే పని ఉంటుంది. అక్కడైతే మంచం నంబరుతో సహా రాసిపెట్టేస్తారు" అన్నాడు.

యుగంధర్ పక్కరోజే బెజవాడ వెళ్ళి ఏసీ తెచ్చాడు. అదేమో వేడీ ఇస్తుందట, చల్లదనమూ ఇస్తుందట.

"ఒరేయ్, దివిసీమలో వేడి కొనుక్కోవాల్సిన ఖర్మ ఎవడికుందిరా?" అన్నాను.

"షాపులో అదొక్కటే మిగిలింది మావయ్యా. మామూలువన్నీ ఈ ఎండలకి ఊడ్చుకుపోయారు. చలికాలంలో వేడి పెట్టుకోవచ్చంట."

బెజవాడ కుర్రాళ్ళు వచ్చి బిగించారు. లోపలి పెట్టె బావ మంచం పక్క గోడకి, బయటి పెట్టె ఇంటికి నైరుతి మూల గోడకి. ఆ సాయంత్రం గది చల్లబడింది. బావ దుప్పటి అడిగాడు. అక్క కళ్ళనీళ్ళు పెట్టుకుంది. యుగంధర్ చెరువుల మీదికి వెళ్ళిపోయాడు. రొయ్యకి ఏదో తెగులు తగిలింది, అక్కడే పడుకుంటున్నాడు.

మర్నాడు పొద్దున కరెంటు పోయింది. వచ్చాక మెషిను వెయ్యడానికి అక్క రిమోట్ తీసింది. అప్పటికే దానికి ప్లాస్టిక్కు కవరు తొడిగి, కుంకుమబొట్టు పెట్టి రొంటిన దోపుకుంది. కొడుకు చేతికి తప్ప ఇంకో చేతికి ఇవ్వదు. కళ్ళజోడు సవరించుకుని చూసి, "ఒరేయ్ స్వామీ, ఇది చూడరా. ఆ కుర్రాళ్ళకి బుద్ధుందా? ముగ్గు బొమ్మ పెట్టిపోయారు!" అంది.

చూశాను. నిజమే. చుక్క చుట్టూ గీతలు పెట్టిన చిన్న ముగ్గు. అక్క ఒక మీట నొక్కుతుంటే బొమ్మలు మారుతున్నాయి. ఒక ఫ్యాను బొమ్మ, ఒక నీటిచుక్క, ఒక సూర్యుడు, మళ్ళీ ముగ్గు.

"మే నెలలో ముగ్గేంటక్కా! ముగ్గంటే ధనుర్మాసం కదా. అది చలికాలానికి పెట్టింది" అన్నాను.

"మరే. ఎండాకాలానికి సూర్యుడు. ఆ మాత్రం తెలియనివాళ్ళు మెషిన్లు బిగించడానికి బయల్దేరారు" అని అక్క సూర్యుణ్ణి పెట్టింది.

పక్కన నంబరు ఇరవైనాలుగుంది. ఫ్యానుకి ఒకటి కంటే అయిదు ఎక్కువ కదండీ. అందుకని, "పెంచక్కా, కక్కుర్తిపడకు" అన్నాను. ముప్పై దాకా పెంచింది. ఇంకా పైకి పోలేదు.

దీపం వెలిగింది. మెషిను మాత్రం ఊపిరి తియ్యలేదు.

మధ్యాహ్నం దాకా అలాగే. గోడకి వేలాడదీసిన తెల్ల డబ్బా, దానికొక పచ్చ దీపం. కింద మా బావ చెమటలో ఈదుతూ, నేను విసనకర్రతో విసురుతూ. అప్పుడు మా బావ అందుకున్నాడు. "ఏరా బావమరిదీ, పంటుని తిట్టి ఒడ్డుకి లాగావుగా. దీన్నీ ఓ తిట్టు తిట్టు, చూద్దాం."

తిట్టాను. నాకొచ్చినవన్నీ అయిపోయాయి. అక్క చెవులు మూసుకుంది. మెషిను మాత్రం పెళ్ళిచూపుల్లో పిల్లలా తలొంచుకుని ఊరుకుంది.

అసలు విచిత్రం మర్నాడు తెల్లారగట్ల. సముద్రం మీంచి కాస్త గాలి తిరిగి, గది దానంతటదే కొంచెం చల్లబడే వేళ. అక్క ఆశ చావక మీట నొక్కింది. మెషిను గుర్రుమంది. అందరం "అమ్మయ్య" అనుకునేలోపల దాని నోట్లోంచి ఇటికల బట్టీ ముందు నిలబడితే కొట్టేలాంటి గాలి.

బావ మంచం మీద లేచి కూర్చున్నాడు. "ఒసేయ్ రావమ్మా! నన్ను శ్మశానం దాకా మొయ్యడం ఎందుకని ఇక్కడే తగలెట్టేద్దామనుకున్నావా?"

"ఛీ, పొద్దున్నే ఏం మాటలండీ అవి!" అని అక్క ఆపేసింది.

ఇక రోజూ ఇదే వరస. ప్రాణం పోయే మధ్యాహ్నం ఉలకదు, పలకదు. హాయిగా ఉండే తెల్లారగట్ల నిప్పులు కక్కుతుంది. బావ దానికి పేరు కూడా పెట్టాడు. "దీని పేరు వెంకటస్వామి. అచ్చం మా బావమరిదే. పనున్నప్పుడు పలకడు, పనిలేనప్పుడు వేడిగాలి ఊదుతాడు" అని చూడ్డానికొచ్చిన ప్రతివాడికీ చెప్పాడు. వెంకటస్వామి అంటే నేనే.

నాకు రోషం వచ్చింది. బయటి పెట్టె దగ్గర చతికిలబడి చెవి ఆనించాను. ఏమీ చెప్పలేదు. నీళ్ళు పోయే పైపులో కొబ్బరి ఈనె పెట్టి పొడిచాను. లోపల ఏదో కదిలింది. ఇంకోసారి పొడిస్తే పిడికెడంత పీత ఒకటి డెక్కలు ఆడించుకుంటూ బయటికొచ్చి నన్ను పైకీ కిందికీ చూసింది. "దొరికింది రోగం!" అని కేకేశాను. వీధంతా వచ్చింది. అక్క ఆ పీతతో ఆగకుండా ఇంకొన్ని కలిపి పులుసు పెట్టింది. పులుసు బ్రహ్మాండంగా కుదిరింది. మెషిను మాత్రం కుదర్లేదు.

దాంతో అవనిగడ్డ నుంచి అబ్బుల్ని పిలిపించాం. అబ్బులు ఫ్రిజ్జుల మెకానిక్కు. మోపెడ్ మీద మధ్యాహ్నం వచ్చాడు. వచ్చీరాగానే లోపలి పెట్టె మూత తీసి జల్లెడలాంటిది ఒకటి లాగాడు. "దుమ్ము పట్టేసుంటుందండీ. గాలి ఆడదు" అన్నాడు. అది కొత్త పెళ్ళికొడుకు పంచెలా ఉంది. అయినా కడిగాడు. ఆరబెట్టాడు. పెట్టాడు. "ఆన్ చెయ్యండమ్మా" అన్నాడు. అక్క రొంటి నుంచి రిమోట్ తీసి నొక్కి, మళ్ళీ దోపుకుంది. పచ్చ దీపం. అంతే.

బయటికెళ్ళి చూశాడు. "బయట ఫ్యాను తిరగట్లేదండీ. అంటే వోల్టేజీ చాలట్లేదు. మీ ఊళ్ళో కరెంటు పలచని మజ్జిగలా వస్తదండీ, దీనికేమో గడ్డపెరుగు కావాలి. స్టెబిలైజరు పెట్టాలి."

యుగంధర్‌కి ఫోన్ చేస్తే ఆ సాయంత్రమే స్టెబిలైజరు పంపించాడు. అది మహా చక్కగా పనిచేసింది. ముల్లు ఊగింది, టిక్కు టిక్కుమంది, ఎర్రదీపం పోయి పచ్చదీపం వచ్చింది. ఇప్పుడు గదిలో రెండు పచ్చదీపాలు. చల్లదనం మాత్రం లేదు.

"అయితే గ్యాసేనండీ" అన్నాడు అబ్బులు తల గోక్కుంటూ. "గ్యాసు అయిపోయింది."

"కొత్త మెషిన్లో గ్యాసెలా అయిపోతుందయ్యా? ఎవరైనా తాగేశారా?" అన్నాడు బావ.

"సముద్రపు గాలికి గొట్టాలు చిల్లులు పడతాయండీ."

"ఒక్కరోజుకే? ఇక్కడే డెబ్భై ఏళ్ళు ఆ గాలే పీల్చాను. నాకే పడలేదు చిల్లులు!"

"సరే అనుకో. తెల్లారగట్ల వేడిగాలి ఎందుకొస్తోంది మరి?" అని నేనడిగాను.

అబ్బులు స్క్రూడ్రైవరు జేబులో పెట్టుకున్నాడు. "గ్యాసు లేని కోపం అయ్యుంటదండీ" అన్నాడు. బందరు నుంచి గ్యాసు సిలిండరు తెస్తానని మోపెడ్ ఎక్కి వెళ్ళినవాడు ఇక పత్తా లేడు. ఎప్పుడు ఫోన్ చేసినా "దారిలో ఉన్నానండీ" అనేవాడు. బందరు దారి అంత పొడుగని నాకప్పుడే తెలిసింది.

ఈ సందులో వాస్తు నరసింహంగారు దిగాడు. ఎవరూ పిలవలేదు. తెల్లారి బయటి పెట్టె కింద తడి చూశాడు. ఆ వేడిగాలి వచ్చినంతసేపూ బయటి పెట్టెలోంచి బొట్లుబొట్లుగా నీళ్ళు కారేవి. ఆయన ముక్కు మీద వేలేసుకుని, "అమ్మా రావమ్మగారూ, నైరుతిలో నీళ్ళా? ఇంటి యజమాని ఎలా కోలుకుంటాడమ్మా? నీళ్ళు ఈశాన్యానికి వెళ్ళాలి!" అన్నాడు.

అక్క మొహం పాలిపోయింది. నావైపు చూసింది. ఆ చూపుకి అర్థం నాకు చిన్నప్పట్నుంచీ తెలుసు, వెళ్ళి పలుగు తెచ్చుకోమని. నైరుతి నుంచి ఈశాన్యానికంటే ఇంటి చుట్టూ సగం ప్రదక్షిణం. బీటలు తీసిన నేల. మిట్టమధ్యాహ్నం. నేను కాలవ తవ్వుతుంటే బావ కిటికీలోంచి ఊచలు పట్టుకుని చూస్తూ, "లోతుగా తవ్వరా. నీళ్ళు రాకపోయినా మనిద్దరికీ పనికొస్తుంది" అన్నాడు.

నాకు కళ్ళు బైర్లు కమ్మాయి. అక్క మజ్జిగ పట్టించి నన్ను కూడా లోపల పడుకోబెట్టింది. ఒకే మంచం మీద ఇద్దరు పేషెంట్లు, పైన రెండు పచ్చదీపాలు.

మొదట్లో చెప్పాను కదా, చెవి ఆనిస్తే ఇంజను నొప్పి చెప్పేసుకుంటుందని. ఆ చెవి ఎడమది. ఎడమ చెవి నాకు చిన్నప్పుడు గవదలొచ్చినప్పటి నుంచీ వినపడదు. పంటు కూడా నా తిట్టుకి రాలేదు. పంటు నడిపే సరంగు ఆయిలు పోశాడు, నేను తిట్టడం ఆ టైముకి కుదిరింది. నా చేతిలో నిజంగా బాగుపడిన మెషిను ఏదైనా ఉందీ అంటే అది మా అక్క కవ్వం. దానికి తాడు మార్చాను.

ఆ మంచం మీద పడుకున్నప్పుడే చూశాను, బావ సరిగా లేడు. నోటితో వేళాకోళం ఆడుతున్నాడు గానీ పెదాలు ఎండిపోయి ఉన్నాయి. నా చెయ్యి పట్టుకుంటే పొయ్యి దగ్గర మరిచిపోయిన గరిటెలా కాలింది. ఆ సాయంత్రం యుగంధర్ చెరువుల మీంచి వచ్చి తండ్రి నుదురు పట్టుకు చూశాడు. తల్లి దగ్గర రిమోట్ తీసుకుని నంబరు పద్దెనిమిదికి దించాడు. బొమ్మవైపు చూడనే లేదు. మెషిను ఎప్పట్లాగే మౌనవ్రతం. విసిరికొట్టబోయాడు, అక్క లాక్కుంది.

"ఇక చాలమ్మా. పీతల పులుసులు, పచ్చదీపాలు, కాలవలు! మెషిను కంపెనీవాళ్ళకి ఫోన్ చేస్తే వచ్చే వారమంటున్నారు. రేపు పొద్దున్నే కారు తెస్తాను. నాన్నని బందరు తీసుకెళ్ళిపోదాం."

"నేను రాను" అన్నాడు బావ.

"ఎత్తుకుని తీసుకెళ్తాను" అన్నాడు యుగంధర్. బావ అది విని ఇంకేం అనలేదు. మా బావ ఎదురు మాట అనకుండా ఊరుకోవడం నేను చూడ్డం అదే మొదలు. నాకు భయం వేసింది.

మర్నాడు ఎండెక్కక ముందే సర్దుడు మొదలైంది. రెండు పంచెలు, చెంబు, మందులు. బావ గడ్డం గీయించుకున్నాడు. "బందరువాళ్ళు శవానికి గడ్డం గియ్యరు" అన్నాడు. కారు వచ్చి గుమ్మం ముందు ఆగింది. ఎండ అప్పుడే చుర్రుమంటోంది.

యుగంధర్ చెయ్యందించాడు. బావ లేచాడు గానీ గడప దాటలేదు. వెనక్కి తిరిగి గోడమీద డబ్బాని చూసి, "రావమ్మా, ఆ రిమోట్ ఇటు తే" అన్నాడు.

"ఇప్పుడెందుకండీ?"

"ధనుర్మాసం చూస్తానో లేదో నాకు తెలియదు. ఎండాకాలం సూర్యుణ్ణి ఎలాగూ చూశాను. పోయేముందు ఆ ముగ్గు ఏం చేస్తుందో కూడా చూసి పోతాను. డబ్బులు పోసి కొన్న ముగ్గు."

అక్క రొంటి నుంచి తీసి, తనే నొక్కింది. నంబరు మళ్ళీ ముప్పైకి పెంచింది. సూర్యుడు పోయాడు. ముగ్గు వచ్చింది. పచ్చదీపం వెలిగింది. అందరం దానివైపే చూశాం.

ఏమీ లేదు.

"ఇదీ అంతే" అన్నాడు బావ. "పదరా."

ఒక కాలు గడప అవతల పెట్టాడో లేదో, నైరుతి మూల బయట టక్కుమంది. ఫ్యాను తిరిగిన చప్పుడు. లోపలి డబ్బా మూత మెల్లగా తెరుచుకుంది. కాసేపటికి, చెప్తే నమ్మరు, ధనుర్మాసంలో తెల్లారగట్ల వీధి తలుపు తీస్తే మొహానికి కొడుతుందే, ఆ చలిగాలి.

అక్క చేతిలో చెంబు జారి పడింది. యుగంధర్ పరిగెత్తి మెషిను కింద మొహం పెట్టాడు. తల్లి చేతిలోంచి రిమోట్ లాక్కున్నాడు. బొమ్మ చూశాడు. మమ్మల్ని చూశాడు. మళ్ళీ బొమ్మ చూశాడు.

"ఇన్నాళ్ళూ సూర్యుడి బొమ్మ మీద పెట్టారా?"

"ఎండాకాలం కదురా!" అంది అక్క.

"సూర్యుడంటే వేడి ఇమ్మని అమ్మా! గది ముప్పై కంటే వేడిగా ఉంటే, ఇంకా వేడెందుకని అది ఊరుకుంది. తెల్లారగట్ల గది చల్లబడితే, అయ్యో చలేస్తోందేమోనని వేడి ఊదింది!" వాడు నెత్తి కొట్టుకున్నాడు. "ఇది ముగ్గు కాదు. మంచు!"

"మంచు నేనెక్కడ చూశాన్రా? మన ఊళ్ళో ఐసు రంపపు పొట్టులో దిమ్మల్లా వస్తుంది. దానికి ఇన్ని కొమ్మలుంటాయని ఎవడికి తెలుసు?" అంది అక్క. న్యాయమైన మాటే. రొయ్యల వ్యాపారంలో మా యుగంధర్ రోజూ కొనేదీ ఆ దిమ్మలే.

బావ ఇవేవీ వినడం లేదు. గడప అవతలి కాలు వెనక్కి తీసుకుని, మెల్లగా వెళ్ళి మంచం మీద పడుకున్నాడు. కళ్ళు మూసుకున్నాడు. "దీనికి మనం ఏ కాలంలో ఉన్నామో అక్కర్లేదే రావమ్మా. ఏ కాలం కావాలో చెప్తే చాలు" అని, ఒక కన్ను తెరిచి నావైపు చూశాడు. "ఒరేయ్ బావమరిదీ, తవ్విన కాలవ పూడ్చిపెట్టు."

కారు తిప్పి పంపేశాం. అది వీధి మలుపు తిరిగేలోపే ఎదురుగా మోపెడ్ మీద అబ్బులు, వెనక గ్యాసు సిలిండరుతో. గదిలోకి వచ్చి, గాలి కింద చెయ్యి పెట్టి, "చూశారాండీ, గ్యాసేనని చెప్పలా! సిలిండరు గుమ్మందాకా వచ్చేసరికే దారికొచ్చింది" అన్నాడు. నరసింహంగారు సాయంత్రం వచ్చి, ఇదంతా ఈశాన్యం కాలవ మహిమ అన్నాడు. ఆయన ముందే అక్క నాచేత దాన్ని పూడ్పించింది.

బావ ఆ మెషిను కింద కోలుకున్నాడు. ధనుర్మాసం కూడా వచ్చింది. ఒక రోజు తెల్లవారి వెళ్ళి చూద్దును కదా, అక్క వాకిట్లో ముగ్గు వేస్తోంది, బావ లోపల దుప్పటి కప్పుకుని సూర్యుడి బొమ్మ పెట్టుకుని కూర్చున్నాడు. "దివిసీమలో వేడి కొనుక్కునే ఖర్మ ఎవడికని అడిగావుగా. నాకేరా!" అన్నాడు.

ఇందులో ఎంత నిజమో మీరు అడగకముందే చెప్పేస్తాను. ముగ్గు నిజం, కాలవ నిజం, గడప దగ్గర మా బావ అన్న మాట అక్షరం పొల్లుపోకుండా నిజం. నేను కల్పించింది పీత. ఆ పైపులో కందిరీగల గూడు తప్ప ఏమీ లేదు. కానీ వీధినంతా పిలిచి కందిరీగల గూడు చూపించానంటే ఎవరు వింటారు చెప్పండి. అందుకని పీతని పెట్టాను. పులుసు మాత్రం నిజమే, ఆ పీతలు కోడూరు సంతలో కొన్నవి.